సువార్త సేవకు సిద్ధపడుతూ దేవుని బలంపై ఆనుకోవడం ఎలా?

హైదరాబాదు నుండి ఆదిలాబాదు గోండు గూడేలకు సేవకై వెళ్లదలచినవారు ముందుగా తమ బలహీనతలను దాచుకోకుండా కాగితంపై రాసుకొని, ఒక్కొక్కదాని పేరెత్తి ప్రార్థించడం అలవాటు చేసుకోవాలి. "భాష రాదు, అమ్మను విడిచి ఉండలేను, నలుగురిలో నోరు పెగలదు" అని ఉన్నదున్నట్టు దేవునితో చెప్పండి. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకొన్నాడు. ముల్లు పోలేదు గాని, చాలినంత కృప దొరికింది (2 కొరింథీ 12:7-9). మీకూ జవాబు అలాగే రావచ్చునని ముందే ఎరిగి ఉండటం మంచిది.

ప్రార్థిస్తున్నాం కదా అని సాధన మానరాదు. 1912లో డోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య తమిళులై ఉండి కూడా, తెలుగు నేర్చుకొని మరీ మన పల్లెల్లో సేవ చేశారు. నా దృష్టిలో అది కూడా విశ్వాసమే. గోండీ మాట్లాడేవారి దగ్గర కూర్చొని రోజూ నాలుగు మాటలు నేర్చుకోండి. తప్పు పలికితే సిగ్గుపడి ఆగిపోకుండా, ఆ మాటనే మళ్లీ అడిగి పలకండి.

ఒంటరిగా మాత్రం బయలుదేరకండి. అంతియొకయ సంఘం ఉపవాసముండి, చేతులుంచిన తరువాతనే బర్నబాను, సౌలును పంపింది (అపొ. కార్యములు 13:2-3). ప్రయాణానికి కొన్ని నెలల ముందే సంఘ పెద్దలతో మాట్లాడి, మీ కోసం క్రమంగా ప్రార్థించే ఇద్దరు ముగ్గురిని కుదుర్చుకోండి.