రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350నా, సూపర్ మీటియర్ 650నా: ముందు వెనక సీటు లెక్క తేల్చుకోండి

క్రూయిజర్, అంటే కాళ్లు ముందుకు చాపి కూర్చునే బైక్, కొనేటప్పుడు మనమందరం చేసే పని ఒకటే. షోరూమ్‌లో బండెక్కి కూర్చుంటాం, కాళ్లు ముందుకు చాపి హ్యాండిల్ పట్టుకుంటాం, అక్కడికక్కడే ఫిక్సయిపోతాం. వెనక కూర్చోబోయే మనిషి మాత్రం డెలివరీ రోజు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు మొదటిసారి ఆ బండిని చూస్తుంది. ఈ వరస మార్చండి. నేను నెల్లూరులో మీటియర్ 350 నడుపుతున్నాను, ఒంగోలులో మా బావమరిది దగ్గర సూపర్ మీటియర్ 650 ఉంది, సెలవులకు పోయినప్పుడల్లా బండ్లు మార్చుకుంటాం, ఒంటరిగానూ మా ఆవిడతోనూ రెండూ తిప్పాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ఒక కాగితం తీసుకుని, పోయిన రెండు నెలల్లో మీ బండి వెనక ఎన్ని రోజులు మనిషి ఉన్నారు, ఎంత దూరం, ఏ రోడ్డు మీద అన్నది రాయండి. మైపాడు బీచ్‌కి సాయంత్రం పోయిరావడం వేరు, హైవే ఎక్కి ఒంగోలు దాకా దగ్గర దగ్గర 120 కిలోమీటర్లు వెనక కూర్చోవడం వేరు. ఈ రెంటినీ ఒకే లెక్కలో వేస్తే తప్పు బండి కొంటారు.

ఇప్పుడు బలం సంగతి. 350 బరువు 191 కిలోలు, ఇంజిన్ 20 హార్స్ పవర్ చిల్లర. 650 బరువు 241 కిలోలు, బలం 46 పైన. 70 కిలోల మనిషి ఒక్కడే ఎక్కితే 350 మోసేది మొత్తం 261 కిలోలు, వెనక ఇంకో 65 కిలోలు చేరితే 326. బలం మాత్రం అదే 20. అందుకే ఒంటరిగా 80, 90 దగ్గర హాయిగా పోయే బండి, ఇద్దరితో హైవే మీద కంటైనర్ లారీని దాటాలంటే ఒక గేరు తగ్గించి, ఎదురుగా ఖాళీ చూసుకుని, ముందే ఆలోచించుకుని పోవాల్సి వస్తుంది. 650 మీద ఆ టెన్షన్ ఉండదు, టాప్ గేర్‌లోనే మణికట్టు తిప్పితే దాటేస్తుంది. నెలకి రెండుసార్లు భార్యతో చెన్నైకో తిరుపతికో హైవే మీద పోయేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు 650 తీసుకోవడానికి.

అయితే మన ఊళ్ల రోడ్లు హైవే దిగగానే మొదలవుతాయి. 350కి కిందనుంచి నేలకు 170 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, 650కి 135 మాత్రమే. కాగితం మీద చూస్తే మూడున్నర సెంటీమీటర్ల తేడా, కందుకూరు దాటాక ఊరి మధ్యలో ఎవరో పోసిన స్పీడ్ బ్రేకర్ మీద చూస్తే అదే పెద్ద తేడా. ఒక శనివారం మాలకొండకి (గుడి తెరిచేది శనివారమే కదా) బావమరిది బండి మీద ఇద్దరం పోయాం. ఒక్కడికి సరిపోయేలా పెట్టిన సస్పెన్షన్‌ని (గుంతల దెబ్బ తగ్గించే స్ప్రింగులని) అట్లనే వదిలేశాను, అది పూర్తిగా నా తప్పు. ఒక బ్రేకర్ మీద కింద గీరుకున్న చప్పుడు కడుపులో తిప్పినట్టయింది, వెనకనుంచి మా ఆవిడ భుజం గట్టిగా పట్టుకుని, "ఏమండీ, ఇంటికి పోయిందాకా ఇట్లనే ఎగరేస్తారా?" అంది. దిగి చూస్తే కొత్త గీత, వేలు పెడితే తగిలేంత. అక్కడే చెట్టు నీడలో ఆగి టూల్‌కిట్‌లో ఉండే సి ఆకారపు స్పానర్‌తో వెనక స్ప్రింగులు రెండూ సమానంగా బిగించాను, తిరుగు ప్రయాణంలో ఒక్కసారి కూడా తగల్లేదు. స్ప్రింగ్ బిగించడం రెండు బండ్లకీ ఉంది, రెండింటికీ అవసరమే, కానీ 650 వెనక సస్పెన్షన్ కిందికి పోయేదే 101 మిల్లీమీటర్లు, కాబట్టి గుంతల్లో దెబ్బ నేరుగా నడుముకి వస్తుంది. పైగా క్రూయిజర్ మీద కాళ్లు ముందుకు ఉంటాయి, గుంత చూసి కాళ్ల మీద కాస్త లేచి తప్పించుకునే వీలు తక్కువ.

చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునే వాళ్లు ఇంట్లో ఉంటే, అమ్మ అయినా అత్త అయినా, ఇది తప్పకుండా చూడండి. 350కి సైలెన్సర్ కుడిపక్కన ఒక్కటే. 650కి రెండు పక్కలా ఉంటుంది, అంటే కాళ్లు పెట్టే ఎడమపక్కన కూడా వేడి గొట్టం ఉన్నట్టే. ఆమెని ఎక్కించి కుచ్చిళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయి, చీలమండ ఎంత దగ్గరగా ఉంది, శారీ గార్డ్ మెట్టు మీద పాదం నిండుగా ఆనుతోందా అని కిందికి వంగి చూడండి. ఈ శారీ గార్డ్ మోజు కోసం పెట్టేది కాదు, వెనక చక్రంలో బట్ట చుట్టుకోకుండా ఉండాలని మోటార్ వాహనాల నిబంధనల్లోనే ఉంది. లుక్ కోసం దాన్ని పీకించేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. వెనక మనిషికి కూడా హెల్మెట్ తప్పనిసరి, దాని డబ్బులు కూడా బడ్జెట్‌లోనే వేసుకోండి.

టెస్ట్ రైడ్‌కి ఆమెతోనే పొండి, రోజూ కట్టుకునే బట్టల్లోనే రమ్మనండి. మినీ బైపాస్ మీద ఒక చుట్టు తిప్పి ఇచ్చేస్తే ఏమీ తెలియదు, కనీసం ఇరవై నిమిషాలు అడగండి, మూడు నాలుగు స్పీడ్ బ్రేకర్లు, ఒక యూటర్న్, ఒక గట్టి బ్రేక్ ఉండాలి. బ్రేక్ వేసినప్పుడు ఆమె మీ మీదకి జారుతోందా, బయలుదేరినప్పుడు వెనక్కి పడతానేమో అన్నట్టు మీ చొక్కా పట్టుకుంటోందా గమనించండి. పట్టుకుంటే బ్యాక్‌రెస్ట్ కావాల్సిందే. 650లో టూరింగ్ కోసం చేసిన సెలెస్టియల్ రకానికి వెడల్పు సీటు, బ్యాక్‌రెస్ట్, ముందు గాలి ఆపే విండ్‌స్క్రీన్ కలిపే వస్తాయి. 350లో బ్యాక్‌రెస్ట్ కొన్ని రకాలకే కంపెనీ నుంచి వస్తుంది, లేని రకానికి విడిగా వేయించుకోవచ్చు.

తర్వాత బండి దిగి, మీ ఇంటి ముందు రాంపు ఎంత వాలుగా ఉందో గుర్తు తెచ్చుకుని, ఇంజిన్ ఆపి వెనక్కి నెట్టి చూడండి. సీటు ఎత్తు 350కి 765, 650కి 740 మిల్లీమీటర్లు, కాబట్టి పాదాలు రెండింటి మీదా నేలకు ఆనతాయి, ఎత్తుతో ఇబ్బంది లేదు. 241 కిలోలని రోహిణి కార్తె ఎండలో రోజుకి రెండుసార్లు వెనక్కి లాగడమే అసలు ఇబ్బంది.

డబ్బుల విషయం త్వరగా చెప్పేస్తాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, ఆ పైన 40 శాతం. 349 సీసీ మీటియర్ తగ్గింది, 648 సీసీ సూపర్ మీటియర్ పెరిగింది, రెండింటికీ ధరలో దాదాపు రెట్టింపు తేడా. ఎక్స్ షోరూమ్ కాదు, ఆన్ రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. పెట్రోలు 350కి లీటరుకి 35 దరిదాపుల్లో, 650కి 25 లోపు నాకు వచ్చింది.

నా మాట అడిగితే, రోజూ టౌన్‌లో తిరుగుతూ, వారానికోసారి ఇద్దరూ పెంచలకోన లాంటి చోటికి పోయేవాళ్లకి 350 బాగుంటుంది. ఒంటరిగా వారం వారం హైవే తొక్కేవాళ్లకి, లేదా ఇద్దరూ కలిసి దూరాలు పోయేవాళ్లకి 650 సెలెస్టియల్. ఏది కొన్నా, ఒక్కరికైతే ఎంత, ఇద్దరికైతే ఎంత అని వెనక టైరు గాలి లెక్క మాన్యువల్‌లో రెండు అంకెలుగా ఉంటుంది. అవి ఒక చీటీ మీద రాసి బండి తాళాల పక్కనే అంటించండి, మా ఇంట్లో అట్లనే ఉంది, ఇప్పుడు మా ఆవిడే బండెక్కే ముందు గాలి చూశారా అని అడుగుతోంది.