దవడ కీలు నొప్పి: ఇంటి జాగ్రత్తలు ముందు, కోత ఆపరేషన్ చివర

చెవి రంధ్రానికి సరిగ్గా ముందు చూపుడువేలు ఆనించి నోరు మెల్లగా తెరవండి. వేలి కింద ఒక గుండు ముందుకు జారుతుంది. అదే దవడ కీలు. ఆ గుండుకూ పైనున్న పుర్రె గుంటకూ మధ్య పలచని బిళ్ళ ఒకటి ఉంటుంది. బిళ్ళ చోటు తప్పి ముందుకు జరిగితే, నోరు తెరిచినప్పుడల్లా గుండు దాని మీదికి ఎక్కుతూ టక్‌మంటుంది. నొప్పి లేకుండా టక్‌మంటే వైద్యం అక్కర్లేదు. కానీ నిన్నటిదాకా టక్‌టక్‌మన్న దవడ ఇవాళ చప్పుడు మానేసి, రెండు వేళ్ళకు మించి తెరుచుకోకపోతే బాగైందనుకోకండి. బిళ్ళ అడ్డం పడిందన్నమాట. వారంలోపు చూపించుకోవాలి.

కొలత ముందే రాసి పెట్టుకోండి. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడూ ముందరి పళ్ళ మధ్య నిలువుగా పట్టాలి. స్కేలుతో కొలిస్తే 40 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. 35 లోపు ఉంటే తగ్గినట్టే. వక్క, గుట్కా నమిలేవాళ్ళకు కారం తగిలితే నోరు మండుతూ, బుగ్గల లోపల తెల్లగా గట్టిపడి నోరు మూసుకుపోతుంటే అది కీలు జబ్బు కాదు. దానికి వైద్యం వేరు. ముందు వక్క మానాలి.

ఎక్కువమందిలో నొప్పి పుట్టేది కీలులో కాదు, బుగ్గ, కణతల కండరాల్లో. పళ్ళు బిగపట్టే అలవాటు దానికి తరచూ కారణమవుతుంది. బండి నడిపేటప్పుడు, ఫోను చూసేటప్పుడు గమనించండి: పళ్ళు తాకుతున్నాయా? 'ల' అనబోయి ఆగితే నాలుక కొస ఎక్కడ ఆనుతుందో అక్కడే ఉంచి, పెదవులు మూసి, పళ్ళు విడిగా పెట్టండి. దవడకు విశ్రాంతి అదే. ఫోను ప్రతి గంటకూ మోగేలా పెట్టుకుంటే మెల్లగా అలవాటవుతుంది.

వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో బుగ్గల మీద 15 నుంచి 20 నిమిషాలు, పూటకోసారి కాపడం పెట్టండి. దెబ్బ తగిలిన కొత్తలో మాత్రం గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. తర్వాత అద్దం ముందు కూర్చుని, నాలుక కొస అంగిలికి ఆనించి, అది ఊడనంత వరకే నోరు తెరవండి. గడ్డం ఓ పక్కకు ఒరగకుండా నిటారుగా దిగాలి. విడతకు ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. నొప్పి పెరిగితే ఆపేయండి. బలవంతంగా సాగదీస్తే కండరం ఇంకా బిగుసుకుంటుంది. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టండి.

తిండి సంగతికొస్తే, సంగటి తినే ఊళ్ళో దవడకు సెలవివ్వడం పెద్ద కష్టం కాదు. ముద్దను పప్పులోనో పులుసులోనో అద్ది మింగే అలవాటు ఎలాగూ ఉంది. నాటుకోడి పులుసు పోసుకోండి, ఎముక కొరకొద్దు. చెరకు, వేయించిన చెనక్కాయలు, మురుకులు ఆరు వారాలు పక్కన పెట్టాలి. తోతాపురి కాయను కొరక్కుండా సన్నగా తరిగి తినండి. శ్రీవారి లడ్డూ మెత్తనిదే కానీ, కలకండ పలుకు పంటి కింద పడితే కీలు అదిరిపోతుంది. చిదిపి, ఏరేసి తినండి. నొప్పి లేని వైపే నమలడం తెలివనిపిస్తుంది గానీ, భారం ఎదుటి కీలు మీద, అంటే నొప్పి ఉన్నదాని మీదే ఎక్కువ పడుతుంది. రెండు వైపులా చిన్న ముద్దలు నమలడం మేలు.

ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు కొద్ది రోజులకే, తిన్న తర్వాతే వేసుకోవాలి. అల్సరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు.

ఇవన్నీ ఓ ఆరు వారాలు చేసినా తగ్గకపోతే ఓరల్ మెడిసిన్ (నోటి జబ్బుల వైద్యం) గానీ, దవడ సర్జరీ గానీ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. తిరుపతివాళ్ళకు డెంటల్ కాలేజీ ఉంది, చిత్తూరువాళ్ళకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. చెవినొప్పి అనుకుని ఈఎన్‌టీ చుట్టూ, పంటినొప్పి అనుకుని రూట్ కెనాల్ చుట్టూ తిరగడం ఇక్కడ మామూలే. ఏ పన్నని వేలు పెట్టి చూపించలేకపోతే, చల్లటి నీళ్ళకు ఏ పన్నూ జివ్వుమనకపోతే, పన్ను పీకించుకోవద్దు. ఓపీజీ ఎక్స్‌రేలో (పళ్ళూ దవడా మొత్తం ఒకే ఫిల్ములో తీసేది) ఎముక కనిపిస్తుంది, బిళ్ళ కనిపించదు. బిళ్ళ కోసం ఎమ్మారై కావాలి, అది కూడా దవడ పట్టేసినప్పుడే.

రాత్రి పెట్టుకునే స్ప్లింట్ (పళ్ళ మీద తొడిగే తొడుగు) గట్టి అక్రిలిక్‌ది అయి, వరుసలోని పళ్ళన్నిటినీ కప్పాలి. ముందు పళ్ళకు మాత్రమే పెట్టేది ఎక్కువకాలం వాడితే వెనక పళ్ళు పొడుచుకొచ్చి కొరుకుడే మారిపోతుంది. పెట్టిన రెండు వారాలకు సరిచేయించుకోండి. చన్నీళ్ళతోనే కడగాలి, వేడినీళ్ళు పోస్తే వంకర పోతుంది. పళ్ళు అరగదీసి 'కొరుకుడు సరిచేస్తాం' అంటే మాత్రం లేచి వచ్చేయండి. అరిగిన పన్ను తిరిగి రాదు. పట్టేసిన కీలును మత్తిచ్చి, సూదులతో సెలైన్ పోసి కడగడం చిన్న పనే. కోత ఆపరేషన్ అన్నిటికన్నా చివర.

నోరు తెరిచి మూతపడక అలాగే ఉండిపోతే ఇంట్లో లాగకుండా తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రికి పోండి. 50 దాటాక కొత్తగా కణతల నొప్పితో పాటు చూపు మసకబారినా ఆగొద్దు. అలిపిరి మెట్లెక్కుతుంటే దవడ నొప్పి వచ్చి, కూర్చోగానే తగ్గిపోతే అది కీలుది కాకుండా గుండెది కావచ్చు. మెట్లు అక్కడితో ఆపి, ఆ రోజే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కూర్చున్నా తగ్గకపోతే 108కి ఫోను చేయాలి.