రెజొనెన్స్ బొమ్మలో బాణాలతో జాగ్రత్త
ఒకే అణువుకో అయాన్‌కో ఎలక్ట్రాన్‌ల చోటు మాత్రమే మారే ఒకటి కంటే ఎక్కువ బొమ్మలు గీయగలిగితే దాన్ని రెజొనెన్స్ అంటారు. ఉదాహరణకి కార్బొనేట్ అయాన్ తీసుకోండి. మధ్యలో కార్బన్, చుట్టూ మూడు ఆక్సిజన్‌లు, ఒకదానికి డబుల్ బాండ్, సింగిల్ బాండ్ ఉన్న మిగతా రెండింటి మీదా మైనస్. ఇప్పుడు మైనస్ ఉన్న ఒక ఆక్సిజన్ లోన్ పెయిర్ (బాండ్‌లో లేని ఎలక్ట్రాన్ జంట) నుంచి దాని బాండ్ మీదికి ఒక వంపు బాణం (ఎలక్ట్రాన్ జంట ఎటు కదులుతుందో చూపేది), డబుల్ బాండ్ నుంచి దాని ఆక్సిజన్ మీదికి ఇంకోటి గీయండి. రెండోది మర్చిపోయారా, కార్బన్‌కి ఐదు బాండ్లు వచ్చి కూర్చుంటాయి, మార్కులు పోయేది అక్కడే. పరమాణువులు మాత్రం కదలకూడదు.

మైనస్ ఉన్న రెండో ఆక్సిజన్‌తోనూ ఇలాగే చేస్తే, మొదటి దానితో కలిపి మూడు బొమ్మలు. వాటి మధ్య, రెండు వైపులా మొన ఉన్న ఒకే బాణం పెట్టండి. ఎదురెదురుగా రెండు బాణాలు పెడితే అది ఈక్విలిబ్రియం అయిపోతుంది (ఇంటర్‌లో నేను ఏడాదంతా అలాగే గీశాను). హైబ్రిడ్‌కైతే (మూడు బొమ్మలూ కలిసిన అసలు రూపం) మూడు బాండ్ల పక్కనా చుక్కల గీత, బ్రాకెట్ బయట పైన 2−.