స్వీడన్‌లో పన్ను రిటర్నుపై సంతకం చేసే ముందు

స్వీడన్ పన్నుల సంస్థ స్కాట్టెవెర్కెట్ వసంతకాలంలో ముందే నింపి పంపే రిటర్నును సాధారణంగా మే 2 లోగా ఆమోదించాలి. అక్కడ ఉద్యోగం చేస్తున్న తెలుగువారు దయచేసి వీటిని ముందు చూసుకోండి.

భారతదేశపు ఆదాయాన్ని మీరే చేర్చండి. యజమానులు, స్వీడిష్ బ్యాంకులు పంపిన అంకెలే ఆ పత్రంలో ఉంటాయి గనుక హైదరాబాద్ ఇంటి అద్దె, భారతదేశంలోని డిపాజిట్ల వడ్డీ అందులో కనిపించవు. ఎన్ఆర్ఈ ఖాతా (ప్రవాస భారతీయులు విదేశీ సంపాదనను దాచుకునే భారతీయ బ్యాంకు ఖాతా) వడ్డీకి భారతదేశంలో పన్ను లేకపోయినా, స్వీడన్‌లో స్థిరపడినవారికి అక్కడ పన్ను ఉంటుంది. దాచినట్టు తేలితే, తగ్గిన పన్నులో సాధారణంగా 40 శాతం అదనపు రుసుము పడుతుంది.

ఏప్రిల్‌లోనే రీఫండ్ వస్తుందని, మార్పులేమీ చేయకుండా తొందరపడి ఆమోదించకండి. చాలామంది అద్దె ఆదాయాన్ని మరిచిపోయేది ఈ తొందరలోనే.

భారతదేశంలో కట్టిన పన్ను రసీదులు దగ్గర ఉంచుకోండి. రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆ పన్నుకు తగ్గింపు కోరవచ్చు, కానీ అందుకు ఆధారాలు చూపాలి.

రిటర్నును ఆన్‌లైన్‌లో ఆమోదించడానికి వాడే స్వీడన్ ఎలక్ట్రానిక్ గుర్తింపు, బ్యాంక్ఐడీ, చెల్లుబాటు ముందే చూసుకోండి; రిటర్ను గడువు దాటితే 1,250 క్రోనాల ఆలస్య రుసుము పడవచ్చు. పన్ను కార్యాలయం పేరుతో ఎవరైనా ఫోన్ చేసి లాగిన్ అవ్వమంటే మాత్రం అవ్వకండి, అది మోసగాళ్ల పద్ధతి.

పాత సంవత్సరాల్లో ఏదైనా వదిలేసి ఉంటే, పన్నుల సంస్థ అడగకముందే మీరే సరిదిద్దండి. స్వచ్ఛందంగా చెప్పినవారికి ఆ 40 శాతం అదనపు రుసుము ఉండదు.