కేర్‌టేకర్ ఏజెన్సీ కార్డు మీద ఎక్కువ లాగితే ఏం చేయాలి

స్టేట్‌మెంట్‌లో అనుకోని మొత్తం కనిపించగానే బ్యాంకుకు ఫోన్ చేసి ‘ఫ్రాడ్’ అనకండి. ముందు అది ఏ రకమో తేల్చుకోండి. అక్కడ పొరబడితే కేసే చెడిపోతుంది.

బెంగళూరులో మనవాళ్ల ఇళ్లలో ఇది మామూలైపోయింది. ఊరి నుంచి పెద్దవాళ్లు ఆపరేషన్‌కి వస్తారు, మనకు ఆఫీసులు, కాబట్టి ఏజెన్సీ ద్వారా అటెండెంట్‌ని పెట్టుకుంటాం, డబ్బు కార్డు మీద కడతాం. మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయ్యాక కేఆర్ పురంలోని మా ఇంటికీ ఒక అమ్మాయి వచ్చేది. ఆ నెల ఏజెన్సీ మాట్లాడుకున్నదానికంటే బాగా ఎక్కువ లాగింది. నేను అకౌంట్స్ పనిలో ఉన్నదాన్ని, లెక్క వదల్లేదు. తేడా డబ్బు తిరిగొచ్చింది.

మొదట ఆ లైను సరిగా చదవండి. యాప్ పేరు ఒకటి, కంపెనీ రిజిస్టర్ చేసుకున్న పేరు ఇంకొకటి ఉంటుంది. ఒక్కోసారి ముందు పేమెంట్ గేట్‌వే (మధ్యలో డబ్బు చేరవేసే కంపెనీ) పేరు పడుతుంది. అదే మొత్తాన్ని మీ ఎస్సెమ్మెస్‌లలో, మెయిల్‌లో వెతికితే ఎవరిదో చాలావరకు తెలిసిపోతుంది. వాడిన తేదీ, స్టేట్‌మెంట్‌లో ఎక్కిన తేదీ వేరువేరుగా ఉండొచ్చు.

అసలు మీకు సంబంధమే లేని లావాదేవీ అయితే కార్డు వెంటనే బ్లాక్ చేయించి, బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. మీ తప్పు లేకుండా బయటివాళ్లు చేసిన మోసమైతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెప్పినవారి మీద నష్టం పడకూడదన్నది రిజర్వు బ్యాంకు 2017లో పెట్టిన నియమం. కానీ ఏజెన్సీ మీకు తెలిసినదే, ఓటీపీ మీరే కొట్టారు, మొత్తం మాత్రం ఎక్కువ అంటే అది బిల్లు తగాదా. దాన్ని ఫ్రాడ్ అని రాస్తే బ్యాంకు ఓటీపీ చూసి ఫిర్యాదు మూసేస్తుంది. పైగా కార్డు బ్లాకై, దాని మీదున్న మిగతా ఆటోపేలన్నీ ఆగిపోతాయి.

బిల్లు తగాదాలో గెలిపించేది కాగితం. మా వంటింట్లో పాల లెక్క రాసే తెలుగు క్యాలెండర్ ఉంది. అటెండెంట్ రాని రోజు మీద అడ్డగీత కొట్టేదాన్ని, ఆలస్యమైతే పక్కన టైము రాసేదాన్ని. అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో ఆ అమ్మాయి వచ్చిన టైము, వెళ్లిన టైము ఎలాగూ ఉన్నాయి. రెండూ సరిపోయాయి. ఏజెన్సీ బిల్లులో మాత్రం రాని రోజులకు కూడా పూర్తి షిఫ్టు వేశారు. బదులు మనిషిని పంపకుండానే ‘రీప్లేస్‌మెంట్ చార్జి’ అని ఇంకో లైను. తేదీ, వాళ్లు వేసింది, నిజంగా జరిగింది, తేడా అని నాలుగు గళ్ల పట్టిక చేసి, క్యాలెండర్ ఫొటో, గేటు యాప్ స్క్రీన్‌షాట్లు కలిపి ఒకే పీడీఎఫ్ చేశాను.

పట్టికకు ముందే అగ్రిమెంట్ చదవండి, వాట్సాప్‌లో ఒప్పుకున్నవి కూడా. కనీస రోజులు, డిపాజిట్, మానేస్తే ఇవ్వాల్సిన నోటీసు, పండగ రోజు రేటు చూడండి. ఉగాదికి డబుల్ అని మా అగ్రిమెంట్‌లో స్పష్టంగా ఉంది. దాన్ని నేను అడగలేదు. న్యాయమైనది వదిలేస్తేనే మిగతా లెక్కకు బలం. ఇంకో మాట, అటెండెంట్‌తో గొడవపడకండి. బిల్లు వేసేది ఆమె కాదు. ఆ డబ్బులో ఎంత ఆమె చేతికి వెళ్తుందో మనకు తెలియదు.

తర్వాత ఏజెన్సీకి మెయిల్. ఫోన్ మాటలకు సాక్ష్యం లేదు. ఇంత చాలు: “ఫలానా తేదీన మా కార్డు మీద ఇంత తీసుకున్నారు. అగ్రిమెంట్ ప్రకారం రావాల్సింది ఇంత. వివరాలు జత చేశాను. తేడా మొత్తం ఏడు రోజుల్లో కార్డుకే తిరిగి వేయండి, లేదంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తాను.” “వచ్చే నెలలో అడ్జస్ట్ చేస్తాం మేడమ్” అంటారు. ఒప్పుకోకండి. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే అన్నింటికీ డిస్ప్యూట్ గడువులుంటాయి, వాయిదాల్లో అవి కరిగిపోతాయి.

బ్యాంకు ఫారంలో ‘సేవ అందలేదు’ లేదా ‘మొత్తంలో తేడా’ అనే కారణం ఎంచుకోండి. మొత్తం బిల్లు కాదు, తేడా వరకే రాయండి. పీడీఎఫ్, ఏజెన్సీకి రాసిన మెయిల్ జతచేసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. తగాదాలో లేని బాకీ మాత్రం గడువులోగా పూర్తిగా కట్టేయండి. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటే వడ్డీ పడుతుంది. తగాదా మొత్తం మీద వడ్డీ వేస్తారా లేదా అన్నది రాతపూర్వకంగా అడగండి. మధ్యలో తాత్కాలికంగా జమచేసినా, అది ఖాయం కాదు.

ఆటోపే అయితే దారి వేరు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం దాన్ని పెట్టేటప్పుడు ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ ఉండాలి, డబ్బు తీసే ముందు కనీసం 24 గంటలకు మెసేజ్ రావాలి. ఇలాంటి సేవలకు ఒక్కసారి 15,000 రూపాయలు దాటితే మళ్లీ ఆ ధ్రువీకరణ అడగాలి. ఇవేవీ లేకుండా పోయుంటే ఆ రుజువులు బ్యాంకునే అడగండి. ఇక వద్దనుకుంటే ఏజెన్సీకి చెప్పి వదిలేయకుండా, బ్యాంకు యాప్‌లో మ్యాండేట్ (డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) మీరే రద్దు చేయండి.

ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఫీజు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448. ఏజెన్సీ మీదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, ఏజెన్సీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.

రిఫండ్ వేశామని ఏజెన్సీ అంటే ఏఆర్‌ఎన్ నంబరు (ఆ రిఫండ్ లావాదేవీని గుర్తించే నంబరు) అడిగి తీసుకోండి, దానితో బ్యాంకు వెతికి చెబుతుంది. ఆ జమ స్టేట్‌మెంట్‌లో ఎక్కేదాకా డిస్ప్యూట్ వెనక్కి తీసుకోకండి.