రెండు లింకులుంటే ఒక్కటే నిండిపోయేది: నా అనుభవం

మా నెట్‌వర్క్‌లో నెల్లూరు కోర్ స్విచ్ (ట్రాఫిక్‌ను పంచే ప్రధాన పరికరం) కింద రెండు స్విచ్‌లు ఉన్నాయి. ఒక్కోదాని నుంచి కావలికి సమాన కాస్ట్‌తో (అంటే దారి లెక్కలో రెండూ సమానమే) రెండేసి 10 గిగాబిట్ లింకులు. రాత్రి తొమ్మిదయ్యేసరికి కావలిలో వీడియోలు ఆగిపోయేవి, ఫోన్లు మోగేవి. ఎస్‌ఎఫ్‌పీలు (ఫైబర్ తగిలించే మాడ్యూళ్లు) మార్చాం, ఓఎస్‌పీఎఫ్ (దారులు లెక్కగట్టే రౌటింగ్ ప్రోటోకాల్) కాస్ట్‌లు మళ్లీ చూశాం, రీబూట్ చేశాం, లాభం లేదు.

ఒక రాత్రి కౌంటర్లు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి స్విచ్‌లో ఒకటో లింకులో 9.3 గిగాబిట్లు, రెండోదాంట్లో 0.2. రెండో స్విచ్‌లో సరిగ్గా తిరగేసి ఉంది. విషయం అక్కడే అర్థమైంది. స్విచ్ ఐపీ అడ్రస్‌లు, పోర్టు నంబర్లతో హ్యాష్ అనే ఒక సంఖ్య లెక్కగట్టి దారి ఎంచుకుంటుంది. మావి మూడూ ఒకే మోడల్, హ్యాష్ సీడ్ (ఆ లెక్కలో కలిపే మొదటి సంఖ్య) కూడా ఒకటే. కోర్ ఒకసారి విడదీసిన ట్రాఫిక్‌ను కింది స్విచ్ మళ్లీ అదే లెక్కతో చూస్తే, అంతా ఒకే వైపుకు పోక ఏం చేస్తుంది?

ముందు ఓ ఇరవై ఫ్లోలు (ఒక్కో కనెక్షన్ ట్రాఫిక్ ఒక ఫ్లో) ఏ లింకులో వెళ్తాయో స్విచ్‌నే అడిగి నిర్ధారించుకున్నాను. తర్వాత రాత్రి రెండు గంటలకు, కోర్‌ను ముట్టుకోకుండా, మొదటి స్విచ్ సీడ్ మార్చాను. పది నిమిషాలు టెన్షన్‌గా కౌంటర్లు చూసి, రెండోదీ మార్చాను. కింది రెండింటికీ ఒకే సీడ్ ఉన్నా ఫర్వాలేదు, కోర్‌తో మాత్రం కలవకూడదు. మరుసటి రాత్రి రెండు లింకుల్లో 5.1, 4.4.

మీకూ ఇదే కారణమని చెప్పలేను. ఒకే పెద్ద ఫ్లో లింకును నింపుతుంటే సీడ్ మార్చినా ఫలితం ఉండదు.