వైన్ ఒకరికి, తిండి ఇద్దరికీ: జార్జియాకు జంటగా వెళ్ళేవాళ్ళకు

సెప్టెంబర్ మూడో వారం నుంచి అక్టోబర్ మధ్య వరకు ఎప్పుడు సెలవు దొరికినా వెళ్ళిపోండి. జార్జియా తూర్పున ఉన్న కఖేతి ప్రాంతంలో ద్రాక్ష కోతల కాలం అది. ర్త్వెలి అంటారు. ఏ పల్లెకు వెళ్ళినా ద్రాక్ష గంపలే కనిపిస్తాయి. మే నెల కూడా బాగుంటుంది. జూలై, ఆగస్టుల్లో అక్కడా ఎండలు మండుతాయి. ఎండ కోసమైతే విజయవాడ చాలు.

మా ఇంట్లో వైన్ నాది, తిండి మా ఆయనది. ఆయన మందు ముట్టరు, మాంసం తినరు. ఇలాంటి జంటకు ఫ్రాన్స్ కంటే జార్జియాయే నయం అంటాను. అక్కడ ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు. వాళ్ళ ఉపవాస రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అందుకే కూరగాయల వంటలు దండిగా ఉంటాయి. హోటల్లో 'సమర్ఖ్వో' ఏముందని అడగండి. ఉపవాస భోజనం అని వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. వెజిటేరియన్ అని చెబితే చేప చూపించేవాళ్ళూ ఉంటారు.

ఆయన వదలకుండా తిన్నది బద్రిజాని. వంకాయను నిలువుగా పల్చగా కోసి, వేయించి, లోపల అక్రోట్, వెల్లుల్లి ముద్ద పెట్టి చుడతారు. పైన దానిమ్మ గింజలు చల్లుతారు. ప్ఖాలి అంటే ఉడికించిన పాలకూరో బీట్‌రూటో అదే అక్రోట్ ముద్దతో కలిపి చేసిన ఉండలు. లోబియో రాజ్మా, మట్టి కుండలోనే తెచ్చి పెడతారు. అందులో పొగబెట్టిన పంది మాంసం వేసిన రకం కూడా ఉంది. 'లోరి' వద్దని ముందే చెప్పండి. ఖింకాలిని మాంసం బదులు పుట్టగొడుగులతోనో బంగాళాదుంపతోనో అడగొచ్చు. దాన్ని ఫోర్కుతో పొడవకూడదు. పైన ఉన్న పిలకను వేళ్ళతో పట్టుకుని తిని, ఆ పిలకను పళ్ళెంలో వదిలేయాలి. జున్ను రొట్టె ఖచాపురి ఒకటి తెప్పిస్తే ఇద్దరికి ఎక్కువే. కారం మాత్రం తక్కువ. నాలుక చప్పబడితే అజికా అడగండి, ఎర్ర మిరపకాయల నూరుడు. పచ్చడి డబ్బా మోసుకెళ్ళే పని తప్పుతుంది.

ఆరు రాత్రులుంటే రాజధాని త్బిలిసిలో మూడు, కఖేతిలో మూడు ఉంచుకోండి. రాజధాని నుంచి ఒక్కరోజులో కఖేతి తిప్పి తెచ్చే బస్సు టూర్లు చాలా ఉంటాయి. నాకు నచ్చవు. గబగబా నాలుగైదు చోట్ల తాగిస్తే మూడో చోటుకే నాలుక మొద్దుబారిపోతుంది. కఖేతి ఊళ్ళు తెలావిలోనో సిగ్నాఘిలోనో బస పెట్టుకుని రోజుకు రెండే చోట్లు చూడండి. ఉదయం ఒక పెద్ద కంపెనీ, మధ్యాహ్నం భోజనంతో కలిపి ఒక ఇంటి మరాని. మరాని అంటే వైన్ చేసి నిల్వ ఉంచే గది. ఇలాంటి ఇళ్ళు నడిపేవాళ్ళకు ముందురోజే ఫోన్ చేయాలి. వంట ఉపవాసానికి సరిపడా కావాలని అప్పుడే చెప్పేయాలి.

అసలు చూడాల్సింది ఈ మరానిలోనే. నిలువెత్తు మట్టి బానల్ని మెడ దాకా నేలలో పాతి ఉంచుతారు. వీటిని క్వెవ్రి అంటారు. లోపల తేనెమైనం పూస్తారు. ద్రాక్ష తొక్కిన రసంతో పాటు తొక్కలు, గింజలు, తొడిమలు కూడా అందులోకే వెళ్తాయి. పులిశాక మూత బిగించి నెలల తరబడి వదిలేస్తారు. నేల లోపల చల్లదనం పెద్దగా మారదు కాబట్టి వేరే యంత్రాలేవీ అక్కర్లేదు. త్బిలిసికి దక్షిణాన దొరికిన పాత కుండ పెంకుల్లో సుమారు 8000 ఏళ్ళ నాటి వైన్ ఆనవాళ్ళున్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. క్వెవ్రి పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

తెల్ల ద్రాక్షను ఇలా తొక్కలతో ఉంచితే వైన్ తేనెరంగులోకి వస్తుంది. మొదటి గుక్కకు బాగా మరిగిన టీ డికాక్షన్‌లా వగరు. వెంటనే పక్కన పెట్టేయకండి. అక్రోట్ వంకాయతో కలిపి తాగితే ఆ వగరు సరిగ్గా కుదురుతుంది. తెల్ల ద్రాక్ష రకాల్లో ర్కాత్సితెలి వైన్‌తో మొదలుపెట్టి, దొరికితే కీసి అడగండి. ఎరుపులో సపెరావి ద్రాక్ష వైన్. దాని తొక్కే కాదు, గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. గ్లాసులో దాదాపు నల్లగా కనిపిస్తుంది. తియ్యదనం కావాలంటే కింద్జ్మరావులి అనే ఎర్ర వైన్. చివర్లో చాచా అని చిన్న గ్లాసు వస్తుంది. ద్రాక్ష పిప్పి నుంచి కాచిన సారా అది, 40 శాతం పైనే. ఒక్కటి తాగి లేవండి.

మీ ఆయన తాగరు కదా, ఆయనే కారు నడుపుతారని లెక్క వేయకండి. అక్కడ బళ్ళు కుడివైపు నడుస్తాయి. త్బిలిసి నుంచి తెలావికి దగ్గరి దారి గొంబోరి కనుమ మీదుగా వంపులు తిరుగుతూ వెళ్తుంది. పల్లెల్లో ఇంగ్లీష్ తక్కువ. రోజు లెక్కన డ్రైవర్‌ని మాట్లాడుకుంటే ఆయనే దుబాసీ. రేటు, పెట్రోల్ ఎవరిదన్నది బయల్దేరే ముందే తేల్చుకోండి.

గ్లాసు ఎప్పుడూ మా ఆయన ముందే పెట్టేవారు. మేం నవ్వుకుని మార్చుకునేవాళ్ళం. ఇంటి పెద్ద 'తమాదా'గా, అంటే విందు నడిపే మనిషిగా లేచి దేశానికో, పెద్దలకో, పోయినవాళ్ళకో ఒక్కొక్క మాట చెబుతుంటే మధ్యలో గుక్కలు వేయకుండా ఆగి వినాలి. అయ్యాక 'గౌమర్జోస్' అనాలి, మన 'చీర్స్' లాంటి మాట. తాగనివాళ్ళు తర్ఖూన అనే ఆకు రుచితో పచ్చగా ఉండే సోడా గ్లాసు ఎత్తితే ఎవరూ ఏమీ అనుకోరు. మామూలు నీళ్ళు కావాలంటే గ్యాస్ లేనివి అని అడగండి. అక్కడి గ్యాస్ మినరల్ వాటర్ బొర్జోమి ఉప్పగా ఉంటుంది.

హైదరాబాద్ నుంచి వెళ్తే మధ్యలో విమానం మారే టికెట్టే చూసుకోవాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి, అధికారిక వెబ్‌సైట్‌లోనే చూడండి. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు ప్రింట్ తీసి చేతిలో ఉంచుకోండి. ఇమిగ్రేషన్‌లో అడిగినప్పుడు ఫోన్‌లో వెతుక్కోవడం టెన్షన్.

వైన్ సీసాలు చెక్-ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టండి. మన దేశంలోకి పన్ను లేకుండా ఒక్కొక్కరికి రెండు లీటర్ల మద్యం తెచ్చుకోనిస్తారు. అంటే మామూలు సీసాలు మనిషికి రెండు. తాగని మనిషికీ ఆ రెండూ వర్తిస్తాయి కాబట్టి, ఆయన బ్యాగులో చోటు ముందే అడిగి పెట్టుకోండి.